పట్టూ విడుపూ: బయోనిక్ కమాండోలో తీగ చేయి ఎలా పనిచేస్తుంది

కడపలో డిగ్రీ చదువుతూ సొంతంగా ఒక చిన్న గేమ్ రాసుకుంటున్న మీరు బయోనిక్ కమాండో అనే వీడియో గేమ్ గురించి మూడు సంగతులు అడిగారు. అందులో హీరో యాంత్రిక చేయి తీగలా సాగి, కొసనున్న కొక్కెంతో పైనున్నవాటిని పట్టుకుంటుంది. హీరోకు దూకడం ఎందుకు పెట్టలేదు? పైకప్పు పట్టుకుని ఊగుతూ పోతుంటే రెండో పట్టు దగ్గరే ఎందుకు పడిపోతున్నారు? అలాంటి తీగను మీ గేమ్‌లో పెట్టాలంటే లెక్క ఎలా వేయాలి? మూడింటికీ మూలం ఒకటే కాబట్టి కలిపే చెబుతాను. కాస్త పొడవవుతుంది, ఓపికగా చదవండి.

ఒకే పేరుతో రెండు ఆటలున్నాయి, ముందు అది తేల్చుకుందాం. క్యాప్‌కామ్ సంస్థ 1987లో నాణెం వేసి ఆడే యంత్రాల కోసం ఒక బయోనిక్ కమాండో చేసింది. 1988లో ఇంట్లో టీవీకి తగిలించుకునే నింటెండో యంత్రం కోసం అదే పేరుతో దాదాపు కొత్త ఆటనే చేసింది. మీరు ఆడుతున్నదీ, నేను చెప్పబోయేదీ ఈ రెండోదే. తొంభైలలో మన రాయలసీమ ఊళ్లలో గంట లెక్కన టీవీ గేమ్ ఆడించిన దుకాణాల్లో ఉన్న సెట్లు చాలావరకు జపాన్ నింటెండోకు, అంటే ఫామికామ్‌కు, నకళ్లు. అమెరికా యంత్రం క్యాసెట్‌కు 72 పిన్నులుంటే వీటికి 60. కర్నూలులో నేను మొదట ఆడిన క్యాసెట్‌లో అక్షరాలన్నీ జపాన్ లిపిలోనే ఉండేవి. కథేమిటో ఎవరికీ తెలియదు. తీగ మాత్రం అందరికీ అర్థమైంది. ఆడిన చోటు దాచుకునే ఏర్పాటు గానీ పాస్‌వర్డ్ గానీ ఇందులో లేవు కాబట్టి, కరెంటు పోతే ఆట మొదటికి వచ్చేది. ఆ పుణ్యమా అని మొదటి ప్రాంతం పిల్లలందరికీ కంఠతా వచ్చేది.

ఇక దూకడం సంగతి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ తర్వాత వచ్చిన ఇలాంటి ఆటల్లో చాలావాటికి దూకుడే ప్రాణం. దూకుడులోని సుఖం ఏమిటంటే అది ఎక్కడైనా పనిచేస్తుంది. కాలికింద నేల ఉంటే చాలు. ఒక్క బటన్ నొక్కితే ఎగురుతాం, పొరపాటు జరిగితే గాల్లోనే కాస్త సర్దుకుంటాం. తీగ అలా కాదు. పైన పట్టు ఉన్నచోటే అది పనిచేస్తుంది. ఆకాశం ఖాళీగా ఉంటే మీ హీరో రాడ్ స్పెన్సర్ నేల మీద నడిచే మామూలు మనిషి. మోకాలెత్తు పీపా అడ్డుగా ఉన్నా దాటలేడు. పైన ఏదైనా ఉంటే తీగ విసిరి దాని మీదుగా పోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి.

ఇది లోపం కాదు. ఆట నిలబడినదే దీని మీద. దూకుడు ఉన్న ఆటలో దారి నేల మీద ఉంటుంది, ఇందులో పైకప్పు మీద ఉంటుంది. గోతి వెడల్పు ఎంతన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఆ గోతి మీద దూలం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, దాని తర్వాతి దూలం ఎక్కడుంది అన్నవే మొదటి ప్రశ్నలు. దూకుడు కూడా ఇచ్చి ఉంటే ఆటగాడు ఎనభై పాళ్లు దానితోనే గడిపేసి, తీగను గతిలేనప్పుడు మాత్రమే తీసేవాడు. దూకుడు తీసేశారు కాబట్టే అడుగడుగునా తీగే దిక్కయింది.

ఈ ఆట వెనుక ఉన్న టోకురో ఫుజివారా అంతకుముందు కొనామీ సంస్థలో ఉన్నప్పుడు, 1983లో, రాక్ ఎన్ రోప్ అనే ఆట చేశారు. అందులో హీరో పై మెట్టుకు తాడు కొట్టి, దాన్ని పట్టుకుని ఎక్కిపోతాడు. ఊగడం లేదు. అంటే తాడు ఆలోచన పాతదే. దానికి ఊపు తోడై, ఎక్కడ వదలాలన్నది ఆటగాడి చేతికి వచ్చాక బయోనిక్ కమాండో అయింది.

తీగకు మూడు విసురులున్నాయి. నిలబడి ‘A’ బటన్ నొక్కితే చేయి ఏటవాలుగా ముందుకు, పైకి వెళ్తుంది. ఎడమవైపున్న దిక్కుల మీటను పైకి నొక్కి పట్టుకుని ‘A’ నొక్కితే నిట్టనిలువుగా పోతుంది. వంగి నొక్కితే నేలకు సమాంతరంగా ముందుకు సాగుతుంది. నిలువు విసురు అంతస్తులు ఎక్కడానికి: పై అంతస్తు నేలను పట్టుకుని దాని గుండానే పైకి చేరతాడు. అడ్డ విసురు మామూలుగా ఎక్కువ వాడుకలోకి రాదు, కానీ కాస్త దూరాన పడి ఉన్న వస్తువును లాక్కోవడానికి తీగ పనికొస్తుందని గుర్తుంచుకోండి. అసలు విద్య అంతా ఏటవాలు విసురులో ఉంది. చేయి చాచినంతసేపు స్పెన్సర్ అడుగు కదపలేడన్నది కూడా మరవకండి. తప్పుడు విసురుకు శిక్ష గోతిలో పడటం ఒక్కటే కాదు. చేయి వెనక్కి వచ్చేదాకా ఎదుటి సైనికుడి తూటాకు నిలబడి గురి అవడం కూడా. మొదట్లో ఒక్క దెబ్బకే ప్రాణం పోయే ఆట ఇది. చచ్చిన శత్రువులు వదిలిన తూటాలు పోగుచేసుకుంటూ పోతేనే దెబ్బలు ఓర్చుకునే శక్తి పెరుగుతుంది.

ఇప్పుడు మీరు పడిపోతున్న చోటికి వద్దాం. మీరు రాసినదాన్ని బట్టి మొదటి పట్టు దొరుకుతోంది, ఊగుతున్నారు, వదులుతున్నారు, రెండోసారి విసిరిన తీగ దేన్నీ అందుకోకుండా వెనక్కి వస్తోంది. ఇది దాదాపు అందరికీ జరిగేదే. అనంతపురంలో నా దగ్గర గేమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల చేత నేను ఈ ఆట తప్పకుండా ఆడిస్తాను. ఆడుతున్నప్పుడు తెరను వదిలేసి వాళ్ల బొటనవేళ్లనే చూస్తాను. పట్టు వదలడం ఎడమ బొటనవేలి పని, ఊపు సాగుతున్న వైపుకు మీట నొక్కాలి. మళ్లీ పట్టడం కుడి బొటనవేలి పని, ‘A’ బటన్. కొత్తవాళ్ల చేతుల్లో ఈ రెండింటి మధ్య ఒక ఆగుడు కనిపిస్తుంది. ఎడమ వేలు నొక్కుతుంది, స్పెన్సర్ గాల్లోకి వెళ్తాడు, పిల్లవాడు అతన్ని చూస్తాడు, అతను కిందికి దిగడం మొదలయ్యాక కుడి వేలు కదులుతుంది. చేయి తిరిగినవాళ్లలో ఆ ఆగుడు ఉండదు. ఎడమ వేలు నొక్కిన వెంటనే కుడి వేలు సిద్ధం, శరీరం కిందికి దిగేలోపే తీగ బయటికి వచ్చేస్తుంది.

ఆ క్షణపు ఆలస్యం అంత ఖరీదు ఎందుకు అవుతుందో లెక్క వేసి చూడండి. ఏటవాలు విసురును 45 డిగ్రీలనుకుందాం. పైకప్పు మీ చేతికి ఎంత ఎత్తులో ఉందో అంతే దూరం ముందు కొక్కెం తగులుతుంది. మీరు ఒక గడి (లెవెల్ బొమ్మలో ఒక చదరం) కిందికి జారితే పైకప్పు ఒక గడి దూరమైంది, తగలాల్సిన చోటు కూడా ఒక గడి ముందుకు జరిగింది. అంటే తీగ పొడవు దాదాపు 1.4 గడులు అదనంగా కావాలి. తీగకు హద్దు ఉంది. కాబట్టి రెండు మూడు గడులు జారాక విసిరితే అందదు. పైగా తగలాల్సిన చోటు ముందుకు జరగడం వల్ల మీరు మనసులో గురిపెట్టుకున్న దూలం దాటిపోయి, దాని అవతలి ఖాళీలోకి తీగ పోవచ్చు. కింద నుంచి చూస్తే “దూలం పక్కనే ఉంది కదా, ఎందుకు పట్టలేదు” అనిపిస్తుంది. పక్కన ఉంటే సరిపోదు, ఏటవాలు గీత మీద ఉండాలి.

రెండో కారణం వదిలే చోటు. ఉయ్యాల మీంచి దూకిన పిల్లలెవరికైనా ఇది తెలుసు: ఊపు అడుగున ఉండగా వదిలితే వేగం ఎక్కువే, కానీ పైకి లేవం, ముందుకు పోతూ కిందికే దిగిపోతాం. మరీ పైకొసకు వెళ్లాక వదిలితే ఎత్తు ఉంటుంది, వేగం చచ్చిపోతుంది. నిజమైన లోలకాన్ని 45 డిగ్రీల దగ్గర నుంచి వదిలామనుకోండి. పట్టు వదిలిన ఎత్తుకే మళ్లీ వచ్చేలోపు ఎక్కువ దూరం పోవాలంటే రెండోవైపు 35 డిగ్రీల దగ్గర వదలాలి. తీగ పొడవు 100 అనుకుంటే, కొక్కెం కింది నుంచి కొలిచినప్పుడు అలా వదిలినవాడు 78 దాకా పోతాడు. పైకొసలో వదిలినవాడు 71 దగ్గర ఆగిపోతాడు. తేడా పదో వంతు మాత్రమే. అంటే కొస దగ్గర కాస్త ఆలస్యమైనా పెద్దగా పోయేది లేదు, అడుగున తొందరపడితే మాత్రం అంతా పోతుంది. బయోనిక్ కమాండోలో ఈ లోలకపు గణితం లేదు. నింటెండోలోని ప్రాసెసర్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు, ప్రధాన జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. అందుకే అందులో ఊపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. అయినా ఆటగాడు పాటించాల్సిన సూత్రం అదే: ముందువైపు కొసకు చేరుతుండగా వదలండి, అంతకు ముందు వద్దు. ఊపు ప్రతిసారీ ఒకేలా ఉండటం వల్ల లాభం కూడా ఉంది. ఒక్కచోట చేతికి అలవాటైతే ఆట పొడవునా అదే లెక్క పనిచేస్తుంది.

మూడోది మొదలుపెట్టే చోటు. చాలామంది అంచుకు రెండడుగుల వెనుక నుంచి విసురుతారు, భయం వల్ల. ఏటవాలు విసురుతో మీరు దాటగలిగే దూరం పైకప్పు ఎత్తుకు సుమారు రెట్టింపు: కొక్కెం దాకా ఒక ఎత్తు, అక్కడి నుంచి అవతలి కొస దాకా మరో ఎత్తు. అందులోంచి వెనుక నిలబడిన రెండడుగులూ తీసివేతే. కాబట్టి అంచు దాకా నడవండి, అప్పుడు విసరండి.

సాధన ఎలా చేయాలంటే, మొదటి ప్రాంతంలోనే కింద గొయ్యి లేకుండా నేల ఉండి, పైన కప్పు వరసగా సాగిన చోటు చూసుకోండి. పడినా ఏమీ కాదు. అక్కడ పట్టు, విడుపు, పట్టు అనే వరసను నేల తాకకుండా కొనసాగించండి. అప్పుడు మీ చూపు స్పెన్సర్ మీద ఉండకూడదు, తర్వాత కొక్కెం తగలాల్సిన చోట ఉండాలి. పిల్లలకు నేను తెర కింది సగాన్ని అట్టముక్కతో మూసేసి ఆడమని చెబుతాను. కాళ్లు కనిపించకపోయేసరికి చూపు దానంతటదే పైకి పోతుంది. మొదట గొణుగుతారు, తర్వాత వాళ్లే అట్టముక్క అడుగుతారు.

మిగతా ఆట గురించి కొద్దిగా చెబితే చాలు. మ్యాపు మీద హెలికాప్టర్‌లో తిరుగుతూ ఏ ప్రాంతంలో దిగాలో మీరే ఎంచుకుంటారు. దిగే ముందు ఆయుధం, కమ్యూనికేటర్ (మనవాళ్లతో మాట్లాడే సాధనం) వంటివి తీసుకోవాలి. తప్పుడు కమ్యూనికేటర్ తీసుకెళ్తే లోపలి గదిలో సంబంధం కలవదు, సంబంధం కలవకపోతే చివరి గది తలుపు తెరుచుకోదు. మాకు జపాన్ లిపి రాక, అన్నీ ఒకటొకటిగా తీసుకెళ్లి చూసేవాళ్లం. దారిలో శత్రువుల లారీ ఎదురైతే పైనుంచి చూసే వేరే రకం పోరు వస్తుంది, అందులో తీగతో ఊగడం ఉండదు. విసుగని తప్పించుకోకండి, కంటిన్యూలు, అంటే ప్రాణాలన్నీ పోయాక ఆట కొనసాగించే అవకాశాలు, సంపాదించుకునేది అక్కడే. తటస్థ ప్రాంతాల్లో తుపాకీ పేల్చవద్దు. చీకటి ప్రాంతానికి వెలుగునిచ్చే వస్తువు లేకుండా వెళ్లవద్దు. పైకప్పు కనిపించకపోతే ఈ ఆటలో గుడ్డివాళ్లమే.

ఒక్క చివరి ఘట్టం గురించి మాత్రం ఆగి చెప్పాలి. పారిపోతున్న శత్రునాయకుడి హెలికాప్టర్ ఎదురుగా మీరు పైనుంచి కిందికి పడుతూ, దాని అద్దం సరిగ్గా ఎదురైన క్షణంలో బజూకా పేల్చాలి. ఆట మొత్తం మీకు పడకుండా ఉండటం నేర్పి, చివరికి పడుతూనే గెలవమంటుంది. అప్పటిదాకా గాల్లో శరీరం ఎంత వేగంగా జారుతుందో వేళ్లకు తెలిసిపోయి ఉంటుంది కాబట్టే అది సాధ్యమవుతుంది. ఆట నేర్పిన విద్యనే ఆటగాడి చేతికి పరీక్షగా ఇవ్వడం ఇంత చక్కగా కుదిరిన ముగింపులు నేను చాలా తక్కువ చూశాను.

ఇక మీ గేమ్. తీగలు ఒకే రకం కాదు, ఏది కావాలో ముందు నిర్ణయించుకోండి. 1991 నాటి జెల్డా ఆట ఎ లింక్ టు ది పాస్ట్‌లోని కొక్కెం హీరోను నేరుగా లాక్కుపోతుంది, ఊపు లేదు. రాయడం తేలిక. 1994లో సూపర్ మెట్రాయిడ్ కిరణం లాంటి తీగతో ఊగడం, దాని పొడవు పెంచడం తగ్గించడం ఆటగాడికే ఇచ్చింది. అదే ఏడాది జపాన్‌లో వచ్చిన ఉమిహారా కవాసేలో అమ్మాయి చేతిలోని గాలపు తాడు రబ్బరులా సాగుతుంది. ఇది అన్నిటికంటే లోతైనది, నేర్చుకోవడానికి అన్నిటికంటే కష్టం. మొదటి గేమ్‌కు సాగని తీగే తీసుకోండి.

సాగని తీగ లెక్క ఇలా ఉంటుంది. ప్రతి ఫ్రేమ్‌లోనూ, అంటే తెర మీద బొమ్మ మారే ప్రతిసారీ, మామూలుగానే గురుత్వాన్ని వేగానికి కలపండి, వేగాన్ని స్థానానికి కలపండి. తర్వాత కొక్కెం నుంచి హీరో దూరం కొలవండి. అది తీగ పొడవు కంటే తక్కువైతే ఏమీ చేయనక్కరలేదు. ఎక్కువైతే హీరోను కొక్కెం వైపు లాగి, సరిగ్గా తీగ పొడవు దగ్గర నిలపండి. ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. స్థానం సరిచేసి వేగాన్ని అలాగే వదిలేస్తే, తీగకు బయటివైపు పోయే వేగం ఫ్రేము ఫ్రేముకూ పేరుకుపోతుంది. ఊగుతున్నంతసేపు అది కనిపించదు, వదలగానే హీరో పిచ్చి వేగంతో కిందికి దూసుకుపోతాడు. కాబట్టి వేగంలో తీగ వెంబడి బయటికి పోయే భాగాన్ని తీసేసి, తీగకు అడ్డంగా ఉన్న భాగాన్ని మాత్రం ఉంచండి. ఊపు అంటే ఆ అడ్డభాగమే.

తర్వాత వచ్చే చిక్కు నేల. 45 డిగ్రీల తీగ పొడవు పైకప్పు ఎత్తుకు 1.41 రెట్లు. అదే పొడవుతో ఊగితే ఊపు అడుగున హీరో నేలలోకి దిగిపోతాడు. అందుకే పట్టు దొరకగానే తీగను కుదించాలి. పూర్తిగా నేల తప్పాలంటే పొడవును సుమారు 30 శాతం తగ్గించాలి. ఒక్క ఫ్రేమ్‌లో తగ్గిస్తే కుదుపు వస్తుంది, ఏడెనిమిది ఫ్రేముల మీద తగ్గించండి. కుదిస్తున్నప్పుడు హీరో కదలికలో ఉంటే ఊపు వేగం కాస్త పెరగాలి. అది కోడ్‌లో దోషం కాదు, సహజంగా జరిగేదే. దాన్ని ఉంచుకోండి, ఆటగాడికి అందులో ఒక హాయి ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గేమ్ కఠినంగా, మొండిగా అనిపించవచ్చు. అప్పుడు చేయాల్సినది ఉదారంగా ఉండటం. తీగ గీత దూలం మూలకు ఒకటి రెండు పిక్సెళ్ల పక్కగా పోయినా పట్టు ఇచ్చేయండి. ఆటగాడు వదలకముందే మళ్లీ విసిరే బటన్ నొక్కితే ఆ నొక్కుడును పారేయకుండా ఐదారు ఫ్రేములు గుర్తుపెట్టుకుని, వదలగానే అమలు చేయండి. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో అది సెకనులో పదో వంతు, ఎవరికీ తెలియదు. పైన నేను చెప్పిన బొటనవేళ్ల మధ్య ఆగుడు సగం ఇక్కడే మాయమవుతుంది.

దూకుడు ఉంచాలా వద్దా అన్నది మీ మూడో ప్రశ్నలోనే దాగి ఉంది, దానికీ నా అభిప్రాయం చెబుతాను. 2008లో స్వీడన్‌కు చెందిన గ్రిన్ సంస్థ ఈ ఆటను బయోనిక్ కమాండో రీఆర్మ్‌డ్ పేరుతో మళ్లీ చేసినప్పుడు దూకుడు పెట్టలేదు. 2011లో ఫ్యాట్‌షార్క్ చేసిన రెండో భాగంలో పెట్టారు. రెండూ ఆడి చూడండి. రెండోదాంట్లో చిన్న చిన్న అడ్డంకుల దగ్గర చేయి తీగ మీదికి పోకుండా దూకుడు మీదికే పోతుంది. నేనైతే మీ గేమ్‌లో దూకుడు లేకుండానే తొలి మూడు లెవెళ్లు రాయమంటాను, అది కూడా నేలకు ముందు పైకప్పు గీసి. ఆడినవాళ్లు “దూకుడు లేదేమిటి” అని ఒకసారి అడిగితే పట్టించుకోకండి, అందరూ మొదట అడుగుతారు. మూడో లెవెల్ దగ్గర కూడా అదే అడుగుతుంటే మాత్రం మీ దూలాలు తప్పుచోట ఉన్నట్టు. అప్పుడు బటన్ కలపకుండా దూలాలు జరపండి. ఎక్కడికి జరపాలో తేలకపోతే ఆ లెవెల్ బొమ్మ ఇక్కడే పెట్టండి, ఏ దూలం ఎటు పోవాలో గీసి చూపిస్తాను.